స్టూడియో దీవిలో రాత్రి భోజనం

నేను చూసిన ఒకే ఒక్క దీవి జూబిలీహిల్స్‌లో ఉండేది. ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి దగ్గర బయల్దేరి, బండరాళ్ళ మధ్య మట్టిదారిన నడిచి, ఒక దిబ్బ ఎక్కి దిగితే స్టూడియో గేటు వచ్చేది. గేటు లోపల రేకుల కప్పున్న పెద్ద హాలు. దాన్ని అక్కడ ఫ్లోర్ అంటారు. ఆ ఫ్లోర్ నిండా ఇసుక పోసి, వెనక గుడ్డ మీద సముద్రం గీసి, పైన చంద్రుణ్ణి వేలాడదీశారు. బయట ఎండ మాడిపోతున్నా లోపల ఎప్పుడూ రాత్రే. విహారయాత్రకి వచ్చిన జనం రంగుదీపాల కింద కూర్చుని భోజనం చేస్తూ, పాటలు వింటూ ఉండేవారు. ఆ జనంలో ఒకరోజు నేనూ, మా అమ్మా కూడా ఉన్నాం.

అప్పటికి నేను డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. తొంభైల మొదటి రోజులు. యూసుఫ్‌గూడలో పుస్తకాలు అద్దెకిచ్చే షాపుండేది. అక్కణ్ణుంచి అనువాద నవలలు తెచ్చి, అట్ట కనబడకుండా న్యూస్‌పేపరు వేసి చదువుకునేదాన్ని. వాటిలో దీవులు చాలా వచ్చేవి. ఓడ పగిలి ఒంటరిగా ఒడ్డుకు చేరిన మనిషి, చుట్టూ నీళ్ళు, మాట్లాడ్డానికి ఎవరూ లేకపోవడం. చదివినవాళ్ళందరికీ ఆ మనిషి మీద జాలి వేస్తుందేమో, నాకు అసూయగా ఉండేది. ఇంటికి ఎవరైనా వస్తే లోపలి గదిలోకి పోయి తలుపు చాటున నిలబడే పిల్లని నేను. ఎవరి చూపూ నా మీద పడకపోవడమే నాకు సుఖం. అలాంటిదాన్ని కెమెరా ముందు కూర్చోబెట్టినవాడు మా బాబాయి.

బాబాయి నాన్నగారికి ఆఖరి తమ్ముడు. కృష్ణాజిల్లా నుంచి చేతిసంచీతో మా ఇంటికి వచ్చినప్పుడు నేనింకా గౌన్లు వేసుకునే వయసులో ఉన్నాను. చదువు మధ్యలో వదిలేసి సినిమాల్లో చేరతానంటే తాతయ్య గడప తొక్కొద్దన్నారట. నాన్నగారు ఏ సంగతీ తేల్చి చెప్పే మనిషి కాదు. "ఉండనివ్వండి. మనతో పాటే ఇంత తింటాడు" అని అమ్మే అంది. అలా ఉండిపోయాడు. అమ్మకి కన్నకొడుకులు లేరు. బాబాయి ఎంత పొద్దుపోయి వచ్చినా అమ్మ లేచి వడ్డించేది. పక్కన నిలబడి "ఇంకొంచెం", "ఈ ముద్ద పెరుగులో కలుపుకో" అంటూ, వద్దన్నా వేస్తూనే ఉండేది. బాబాయి ఆ రోజు సెట్టు మీద జరిగిన కబుర్లు చెప్పేవాడు, ఎవరెవరు ఎలా నడుస్తారో, ఎలా అరుస్తారో చేసి చూపించేవాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

అసిస్టెంటుగా మొదలుపెట్టి కో-డైరెక్టర్ దాకా వచ్చాడు బాబాయి. అంటే సెట్టు మీద జనాన్ని పోగెయ్యడం, కూర్చోబెట్టడం, కసరడం అన్నీ తనే చెయ్యాలి, తెర మీద పేరు మాత్రం డైరెక్టరుగారిది. తోటివాళ్ళు ఒక్కొక్కరే డైరెక్టర్లయిపోయారు. బాబాయికి తల ముందువైపు పల్చబడింది. ఆ ఏడాది ఒక నిర్మాత బాబాయి రాసుకున్న కథ మొత్తం విన్నాడు. "ఈ దీవి షెడ్యూలు ఏ పేచీ లేకుండా గట్టెక్కించు. ఆ తర్వాత నీ సినిమా సంగతి చూద్దాం" అన్నాడు. ఆ మాట అమ్మకి చెప్తూ బాబాయి అన్నం కలుపుకోవడం మర్చిపోయాడు. అమ్మ ఆ రోజు నుంచీ పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టి, "మా వాడికి ఆ సినిమా ఇప్పించు తండ్రీ" అని పైకే అనేది. నా పరీక్షల కోసం కూడా అంత గట్టిగా అడగలేదు.

అసలు ఆ షెడ్యూల్లో ఉన్న డిన్నర్ సీను నిజం దీవిలోనే తియ్యాలనుకున్నారట. హీరోయిన్‌కి అన్ని రోజులు కుదరకపోవడంతో దీవినే జూబిలీహిల్స్‌కి తెచ్చారు. ఆ ఉదయం నాన్నగారు ఆఫీసుకి వెళ్ళగానే బాబాయి ఆయాసపడుతూ ఇంటికొచ్చాడు.

"వదినా, కొంప మునిగింది. దీవిలో తినడానికి మనుషులు చాల్లేదు."

"దీవేంట్రా, తినడమేంటి?"

"హీరో హీరోయిన్ హనీమూన్‌కి వెళ్ళారు. రాత్రి, సముద్రం పక్కన హోటలు. చుట్టూ టూరిస్టులు భోంచేస్తూ ఉండాలి. ఏజెంటు సగం మందినే పంపించాడు. మంచి మొహాలన్నీ ఇంకో స్టూడియోలో పెళ్ళి సీనుకి పోయాయిట."

"అయితే మిగిలినవి మా మొహాలా?"

"నీది డబ్బున్న మొహం వదినా. పట్టుచీర కట్టావంటే జమీందారిణి అనుకుంటారు."

"జమీందారిణికి దీవిలో ఏం పని?"

"వంట తప్పించుకోడానికి వెళ్ళింది. ఇవాళ నీకూ వంట లేదు. మధ్యాహ్నం మాతోనే భోజనం, టేబుల్ దగ్గర. నిర్మాతగారికి పరిచయం చేస్తాను. నన్నింత వాణ్ణి చేసింది మా వదినేనండీ అని చెప్తాను."

అమ్మ చేస్తున్న పని ఆపేసింది. ఆ ఒక్క మాట చాలు ఆవిడకి. లోపలికి వెళ్ళి పెట్టె తీసింది. నేను గోడకి అంటుకుపోయి నిలబడ్డాను.

"నేను రాను బాబాయ్."

"అమ్మడూ, నువ్వు చెయ్యాల్సిందేం లేదు. కూర్చోవడమే. ఫోకస్ అంతా హీరోయిన్ మీద ఉంటుంది. నువ్వు వెనకాల మసగ్గా కనిపిస్తావు. మీ నాన్న చూసినా పోల్చుకోలేడు."

మసగ్గా అన్న మాట నాకు నచ్చింది. ఒప్పుకున్నాను.

ఫ్లోర్‌లోకి అడుగు పెట్టగానే కాసేపు నాకు కళ్ళు ఆనలేదు. ఎండలోంచి వెళ్ళామేమో, అంతా చీకటి. తర్వాత ఒక్కొక్కటే తేలింది. సరివి బాదులకి కొబ్బరిపీచు చుట్టి, పైన నిజం కొబ్బరిమట్టలు కట్టి చెట్లు చేశారు. మట్టలు అప్పటికే వాడి, కిందికి వేలాడుతున్నాయి. సిమెంటు తొట్టిలో నీలం కలిపిన నీళ్ళు. ఒక మనిషి తొట్టి అంచున కూర్చుని చెక్కతో నీళ్ళు కదుపుతుంటే అలలు వస్తున్నాయి. వెదురు కర్రల బారు, దాని మీద సీసాలు, సీసాల్లో టీ డికాక్షన్. ఒక పక్క గడ్డిలాంటి పావడాలు కట్టుకున్న డాన్సు అమ్మాయిలు స్టూళ్ళ మీద కూర్చుని జంతికలు తింటున్నారు. మధ్యలో బల్లలు, తెల్ల గుడ్డలు, లాంతర్లు. అంతా అబద్ధమని తెలుస్తూనే ఉన్నా, లైట్లు వేసి చంద్రుణ్ణి వెలిగించగానే నాకు ఒళ్ళు జలదరించింది. ఏదో పుస్తకంలోకి అడుగు పెట్టినట్టనిపించింది. ఆ ఆనందం ఎంతోసేపు ఉండలేదు.

టూరిస్టులు తక్కువయ్యారని, వయసులో ఉన్నవాళ్ళకి ఫారిన్ బట్టలు వెయ్యమన్నారట. కాస్ట్యూమ్స్ చూసే ఆవిడ నన్ను తెర వెనక్కి తీసుకెళ్ళి పువ్వుల గౌను తొడిగింది. చేతుల్లేవు. భుజాల దగ్గర సన్నటి పట్టీలు. నేను నా చున్నీ తీసి కప్పుకున్నాను.

"సముద్రం ఒడ్డున చలేస్తోందా అమ్మా?" అని నవ్వుతూ చున్నీ లాక్కుని సంచిలో పడేసింది. నేను రెండు చేతులూ అడ్డం పెట్టుకుని బయటికొచ్చాను. అమ్మ నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, వెంటనే చూపు తిప్పుకుంది. తను ఆకుపచ్చ కంచిపట్టు చీరలో, తలలో మల్లెపూలతో నిలబడి ఉంది. "బానే ఉందిలే. మనకి తెలిసినవాళ్ళు ఎవరున్నారు ఇక్కడ" అంది. ఆ ఓదార్పుతో నాకు ఇంకా సిగ్గేసింది.

మమ్మల్ని నలుగురు కూర్చునే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నాకెదురుగా కోటు వేసుకున్న ఒక పెద్దాయన. ఆయన నోట్లో పొగలేని పైపు. అమ్మకెదురుగా రహమత్‌నగర్ నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టు. ముప్పై దాటి ఉంటాయి, వంకాయరంగు చీర, చెవులకి పెద్ద రింగులు. నా చేతులు చూసి పకపకా నవ్వింది.

"గట్ల ముడుచుకోకు చెల్లె. జర నవ్వు. మనమిప్పుడు పైసలున్నోళ్ళం. ఇమానమెక్కి వచ్చినం."

నాకు నవ్వు రాలేదు. అమ్మ నవ్వింది.

"నువ్వు రోజూ వస్తావా అమ్మా ఇలా?"

"పిలిచిన రోజల్లా వస్తనక్కా. నిన్న జైల్ల ఉన్న. ఇయ్యాల దీవిల. పొద్దుగాల గంజి తాగి వచ్చిన, గిప్పుడు కోడి తింట."

బల్ల మీద నిజంగానే కోడి ఉంది, ఎర్రగా నిగనిగలాడుతూ. కోసిన అనాసపళ్ళు, రొట్టెలు, పెద్ద పీత. అమ్మ వాటిని చూసి ముచ్చటపడేలోపు ఒకతను స్ప్రే డబ్బా తెచ్చి వరసగా అన్నిటి మీదా చిమ్ముకుంటూ పోయాడు. కిరసనాయిలు వాసన గుప్పుమంది.

"ఇదేమిటమ్మా! తినేదాని మీద కిరసనాయిలా?" అమ్మ నిర్ఘాంతపోయింది.

"మనం తినొద్దనక్కా. షాట్ అయ్యేదాకా కోడి అట్లనే ఉండాలె. కొట్టకపోతే ఈ పైపు తాత కోడికాలంత నమిలేస్తడు."

"నేనా! నువ్వే పోయినసారి కేకు మింగావు" అన్నాడు పెద్దాయన పైపు తియ్యకుండానే.

అంతలో మైకులో బాబాయి గొంతు వినిపించింది. ఇంట్లో మాట్లాడే గొంతు కాదది. "అందరూ వినండి! యాక్షన్ అనగానే మాటలు, నవ్వులు. తింటున్నట్టు చెయ్యాలి. కెమెరా వంక చూశారంటే ఊరుకోను." కెమెరా పక్కన కుర్చీలో డైరెక్టరుగారు, ఇంకో కుర్చీలో నిర్మాత. ముందు బల్ల దగ్గర హీరో, హీరోయిన్. ఒకసారి రిహార్సల్ చేశారు. అమ్మ గుళ్ళో పురాణానికి కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని.

బాబాయి బల్లలు సరిచేస్తున్నట్టు మా దగ్గరికి వచ్చాడు. మా వంక చూడకుండా, లాంతరు సర్దుతూ, లోగొంతుకతో అన్నాడు. "వదినా, ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకోకు. మనింట్లో భోజనాల దగ్గర ఎలా ఉంటావో అలా ఉండు, చాలు."

అమ్మ తలూపింది. ఆవిడ మొహం తేలికపడింది. ఏం చెయ్యాలో ఇప్పుడు తెలిసింది.

లైట్లు వెలిగాయి. పాట మొదలైంది. గడ్డి పావడాల అమ్మాయిలు తొట్టి పక్కన నడుము ఊపుతూ కదిలారు. యాక్షన్ అన్న కేక వినబడింది. వంకాయరంగు చీరావిడ తల వెనక్కి వాల్చి నవ్వింది. నేను ఫోర్కు పట్టుకుని పళ్ళెంలోకి చూస్తున్నాను. నా భుజాల మీద లైటు వేడి తగులుతోంది. అప్పుడు నా పక్కన కుర్చీ జరిగిన చప్పుడైంది.

అమ్మ లేచింది. కొంగు నడుముకి దోపింది. గరిట కోసం చూసి, దొరక్క, పెద్ద చెంచా తీసుకుని కోటు పెద్దాయన పళ్ళెంలో అనాస ముక్కలు వేసింది. ఆయన వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. పాపం, అది ఆయన నటనే అయ్యుంటుంది. అమ్మ ఆ చెయ్యి పక్కకి నెట్టి ఇంకో రెండు వేసింది. వంకాయరంగు చీరావిడకి రొట్టె వేసింది. నా తల మీంచి వంగి నాకూ వేసింది. అంతటితో ఆగలేదు. వెనక బల్ల దగ్గర ఎవరిదో పళ్ళెం ఖాళీగా కనిపించింది కాబోలు, చెంచా పట్టుకుని అటు నడిచింది. ఒక్కొక్కరి దగ్గరా ఆగి, వంగి, "వేసుకోండి, మొహమాటపడకండి" అంటోంది. అది తినే తిండి కాదని ఆవిడకి తెలుసు. అయినా భోజనాల దగ్గర అమ్మ అలాగే ఉంటుంది. ఇంకోలా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

"కట్! కట్!"

పాట ఆగింది. చంద్రుడు మాత్రం వెలుగుతూనే ఉన్నాడు. డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచారు.

"ఎవరయ్యా ఆ పచ్చచీర? హనీమూన్ సీను తీస్తుంటే అప్పగింతల భోజనాలు పెడుతోందేంటి? హీరోయిన్ వెనకాల గరిటె పట్టుకుని తిరుగుతోంది!"

ఫ్లోరంతా నవ్వింది. హీరోయిన్ కూడా వెనక్కి తిరిగి చూసింది. నిర్మాత పొట్ట పట్టుకుని నవ్వుతూ బాబాయి వైపు తిరిగాడు.

"ఏమయ్యా, నీ తాలూకానా ఏంటి? మీ కృష్ణాజిల్లా మర్యాదల్లా ఉన్నాయే?"

బాబాయి చేతిలో మైకు ఉంది. ఆయన నోరు తెరిచిన ఆ కొంచెంసేపూ నాకు ఇంకా గుర్తే. పెదవులు ఏదో మాటకి సిద్ధమయ్యాయి. ఆ మాట రాలేదు.

"అబ్బే, కాదు సార్. ఏజెంటు పంపించాడు. కొత్తది."

తర్వాత మైకు నోటి దగ్గర పెట్టుకుని మా వైపు తిరిగాడు. "ఏయ్ పచ్చచీరా! బుద్ధుందా? ఎవరు లెమ్మన్నారు నిన్ను? పోయి కూర్చో. మళ్ళీ కదిలావంటే బయటికి గెంటిస్తాను."

అమ్మ చెంచా అక్కడే ఆ బల్ల మీద పెట్టేసింది. దోపిన కొంగు తీసి భుజం మీద సర్దుకుంది. ఇసుకలో నడవడం అలవాటు లేక రెండుసార్లు తూలింది. వచ్చి నా పక్కన కూర్చుంది. నేను తలెత్తలేదు.

నాకు కోపం రావాల్సింది. ఏడుపైనా రావాల్సింది. అవి తర్వాత వచ్చాయి. బాబాయి "కాదు సార్" అన్నప్పుడు మాత్రం నా భుజాలు కిందికి దిగాయి. అప్పటిదాకా బిగపట్టిన ఊపిరి బయటికొచ్చింది. ఔను, మా వదినే అని ఉంటే ఆ పక్కనున్న పిల్లెవరని అడిగేవారు. అందరి కళ్ళూ నా మీదికి, ఈ చేతుల్లేని గౌను మీదికి తిరిగేవి. గండం తప్పిందనుకున్నాను. అలా అనుకున్నానని గుర్తించగానే చెవుల దాకా కాలిపోయాను.

"ఫికర్ చెయ్యకక్కా" అంది వంకాయరంగు చీరావిడ, అమ్మ వైపు వంగి. "గా సార్ గంతే. ఎవ్వరి పేరు యాదుండదు ఆయనకి. పోయిన నెలంత నన్ను పసుపుచీర అన్నడు. ఒకరోజు గింత ఆలస్యమైతే పిల్లల ముందే తిట్టిండు. మంచోడే గని, ఏం చేస్తడు, ఆయన మీద ఇంకొకరున్నరు."

"రోజూ ఇలాగేనా?" అంది అమ్మ.

"మరి? గిది కొత్తనా?"

అమ్మ దూరంగా నిలబడ్డ బాబాయి వంక చూసింది. ఇంట్లో కంచం ముందు కూర్చుని అందర్నీ అనుకరించి నవ్వించే మనిషి ఈ అరుపు మాత్రం మాకెప్పుడూ చేసి చూపించలేదు. రెండో టేకులో అమ్మ కదల్లేదు. చెంచా నోటి దాకా తీసుకెళ్ళి దింపుతూ, చిన్నగా నవ్వుతూ, ఎక్కడో విదేశంలో పరిచయంలేని వాళ్ళ మధ్య కూర్చున్న ధనవంతురాలిలాగే ఉంది. "షాట్ ఓకే" అన్నారు.

మధ్యాహ్నం బయట షామియానా కింద భోజనాలు. నీడలో గుడ్డ పరిచిన టేబుళ్ళ దగ్గర డైరెక్టరుగారు, నిర్మాత, నటులు. కొంచెం ఇవతల టెక్నీషియన్లు. జూనియర్ ఆర్టిస్టులు గోడ వారన, కింద, వరసగా విస్తళ్ళ ముందు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మ ఒక్క నిమిషం కూడా తటపటాయించలేదు. నా చెయ్యి పట్టుకుని గోడ వారకి నడిచి, పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని, వంకాయరంగు చీరావిడ పక్కన మట్టిలో కూర్చుంది. నేను నా చున్నీ అడిగి తెచ్చుకుని గట్టిగా చుట్టుకున్నాను.

పప్పన్నం కలుపుకుంటుండగా బాబాయి వచ్చాడు. మాకు నాలుగడుగుల దూరంలో ఆగాడు. వెనక్కి, టేబుళ్ళ వైపు ఒకసారి చూసి, మెల్లగా అన్నాడు.

"లోపల మేకప్ గదిలో పెట్టిస్తాను. రండి."

టేబుల్ దగ్గరికి రమ్మనలేదు. తలుపు వేసుకునే గదిలోకి రమ్మన్నాడు. నేను అమ్మ మొహం చూశాను. అమ్మ తలెత్తి, అందరికీ వినబడేలా, మామూలు గొంతుతో అంది.

"వద్దు సార్. మాకిక్కడ బాగుంది."

బాబాయి మొహంలో రక్తం లేకుండా పోయింది. వంకాయరంగు చీరావిడ అమ్మని మోచేత్తో పొడిచింది. "సార్ పిలిస్తే పోవాలె అక్కా! లోపల ఫ్యాను ఉంటది, పెరుగు గట్టిగుంటది."

"నాకు ఈ పప్పే నచ్చిందమ్మా" అంది అమ్మ. బాబాయి టేబుళ్ళ వైపు వెళ్ళిపోయాడు.

సాయంత్రం నడిచి ఇంటికొస్తూ దిబ్బ దగ్గర ఆగాం. అమ్మకి ఆయాసంగా ఉంది. బండ మీద కూర్చుంది.

"కోపం వచ్చే అలా అన్నావా, సార్ అని?" అని అడిగాను.

"కోపమేంటి? వాడు కాదన్నాక నేను వదిన్ని అంటే వాడు అబద్ధమాడాడని తేలిపోదూ? ఆ నిర్మాత అక్కడే ఉన్నాడుగా." కొంగుతో మెడ తుడుచుకుని మళ్ళీ అంది. "నన్నన్నందుకు కాదే. ఆ అమ్మాయిని పిల్లల ముందు తిట్టాట్ట. నేను పెంచిన పిల్లాడు."

లేచి చీరకంటిన ఇసుక దులుపుకుంది.

ఆ రాత్రి డైరీలో సెట్టు గురించి రాయాలని కూర్చున్నాను. కొబ్బరిపీచు చెట్ల గురించి, చెక్కతో అలలు పుట్టించే మనిషి గురించి రాశాను. అంతే రాయగలిగాను. బాబాయి వచ్చేవేళకి నాన్నగారు ఇంకా మెలకువగానే ఉన్నారు. "ఎలా జరిగిందిట మీ దీవి ప్రయాణం?" అన్నారు నవ్వుతూ. బాబాయి కంచం ముందు తలొంచుకుని కూర్చున్నాడు.

"బాగా జరిగింది. మీ తమ్ముడు అందర్నీ ఎంత కనిపెట్టుకుని ఉన్నాడో" అంది అమ్మ, అన్నం వడ్డిస్తూ. "నిర్మాత ఏమన్నాడ్రా?"

"వచ్చేవారం రమ్మన్నాడు వదినా. సినిమా ఖాయమే అన్నాడు."

"చల్లగా ఉండు" అంది అమ్మ. మనస్ఫూర్తిగానే అంది. ఆవిడ కళ్ళు తడయ్యాయి. బాబాయి ఆ పూట ఏ కబుర్లూ చెప్పలేదు. ఎవర్నీ అనుకరించలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ చెయ్యలేదు. కథాచర్చలకి దగ్గరగా ఉంటుందని మధురానగర్‌లో గది తీసుకున్నాడు. మా ఇల్లే స్టూడియోలకి దగ్గరని మా అందరికీ తెలుసు.

సినిమా నిజంగానే ఖాయమైంది. ముహూర్తానికి రోజు పెట్టారు. బాబాయి శుభలేఖలాంటి కార్డు, స్వీటు డబ్బా తీసుకుని వచ్చి అమ్మకీ నాన్నగారికీ దణ్ణం పెట్టాడు. "వదినా, కొబ్బరికాయ నువ్వే కొట్టాలి. కారు పంపిస్తాను" అన్నాడు. అమ్మ సరేనంది. వీధిలో అందరికీ చెప్పుకుంది, మా మరిది డైరెక్టరయ్యాడని.

ఆ ఉదయం కారు వచ్చి హారన్ కొట్టేసరికి అమ్మ వాయిల్ చీరలో వంటింట్లో కూర ముక్కలు తరుగుతోంది. నాన్నగారు నేరుగా ఆఫీసు నుంచి వస్తానని వెళ్ళిపోయారు.

"ఇంకా తయారవ్వలేదేం?"

"నువ్వెళ్ళు. తలనొప్పిగా ఉందని చెప్పు."

"అమ్మా, కొబ్బరికాయ..."

"మొదటిరోజే. వాడి చుట్టూ ఆ రోజు ఫ్లోర్‌లో ఉన్న మనుషులే ఉంటారు. నన్ను చూస్తే వాడికి నోట మాట రాదు. డైరెక్టరన్నవాడు గట్టిగా మాట్లాడాలి కదా." కత్తిపీట మీంచి చూపు ఎత్తకుండానే అంది. "వెళ్ళు, మంచి టైము దాటిపోతుంది."

ఒక్కదాన్నే కారెక్కాను. ఎప్పుడూ అలా పదిమందిలోకి ఒంటరిగా వెళ్ళలేదు. స్టూడియో ఆవరణలో పూలదండ వేసిన కెమెరా చుట్టూ జనం. బాబాయి కొత్త తెల్లచొక్కాలో కారు దగ్గరికి గబగబా వచ్చాడు. నేను దిగాక, నా వెనక, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి తొంగి చూశాడు. సీటు ఖాళీగా ఉంది.

"వదినేదీ?"

"తలనొప్పిగా ఉందంది. రాలేకపోతోంది."

బాబాయి భుజాలు దిగాయి. మొహంలో బిగువంతా సడలిపోయింది, ఊపిరి బయటికొచ్చింది. "అయ్యో" అన్నది ఆ తర్వాత. కొంచెం ఆలస్యంగా వచ్చిన ఆ అయ్యో నాకు బాగా తెలుసు. ఆ భుజాలు దిగడం కూడా తెలుసు. ఎవరో చెంప మీద కొట్టినట్టు నేను పక్కకి తిరిగాను. నేను చూశానని ఆయనకి అర్థమైంది. ఆయన కారు తలుపు మెల్లగా మూశాడు.

ఇంతలో నిర్మాత వచ్చాడు. "ఎవరీ అమ్మాయి?"

"మా అన్నయ్యగారమ్మాయండీ" అన్నాడు బాబాయి. వెంటనే అన్నాడు, అవసరమైనదానికంటే గట్టిగా, నా తల మీద చెయ్యి వేసి. "వీళ్ళింట్లోనే పెరిగాను నేను. మా వదిన చేతి అన్నం తినే ఇంతవాణ్ణయ్యాను."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతూ నా వైపు చూశారు. నమస్కారం పెట్టాను. చూపు మాత్రం నేల మీదినుంచి ఎత్తలేకపోయాను. ఆయన చెయ్యి ఇంకా నా తల మీదే ఉంది.